టాంజానియాలో హోస్ట్ కుటుంబంతో నాలుగో రోజు: నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వట్లేదు

కొత్త_టీచరమ్మ
కిలిమంజారో వాలులో, మోషి పట్నం నుంచి పైకెక్కితే వచ్చే ఒక ఊళ్ళో ఉన్నాను. ప్రైమరీ బడిలో లెక్కలు చెప్పడానికి ఆరు నెలల వాలంటీరుగా వచ్చా. సోమవారం నుంచి బడి. ఈ ఇంట్లో దిగి ఇవాళ్టికి నాలుగో రోజు.

ఇల్లు బాగుంది, మనుషులు ఇంకా మంచివాళ్ళు. బాధంతా అక్కడే వస్తోంది. ముందుగదిలో మెత్త వేసిన కుర్చీ ఒక్కటే ఉంది, అది నాకే. భోజనం మూతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు. నేనొక్కదాన్నే తింటాను. వాళ్ళంతా వెనక వంటపాకలో పొయ్యి చుట్టూ చిన్న పీటల మీద కూర్చుని తింటారు. వాళ్ళ నవ్వులు గోడ అవతల నుంచి వినపడుతూనే ఉంటాయి. నాకు ఇంకా మాట రాదు, వెళ్ళి కూర్చుందామంటే మళ్ళీ కుర్చీలోకే తెచ్చి కూర్చోబెడతారు.

ఐదో క్లాసు చదివే అమ్మాయి పొద్దున్నే వాలు కింద కుళాయి నుంచి ఇరవై లీటర్ల బకెట్ నెత్తిన పెట్టుకుని ఎక్కొస్తుంది. ఆ నీళ్ళే కట్టెల పొయ్యి మీద కాచి నా స్నానానికి పెడతారు. జులై కదా, ఇక్కడ బాగా చలి. ఆ వేడినీళ్ళు ఒంటి మీద పోసుకుంటుంటే నాకు ఆ పిల్ల మెడే కళ్ళముందు కనపడుతోంది.

నిన్న వంటపాకలోకి వెళ్ళి కత్తి తీసుకుని అరటికాయ చెక్కు తీయబోయా. మామా (ఇక్కడ మామా అంటే అమ్మ) నవ్వుతూనే కత్తి నా చేతిలోంచి తీసేసుకుంది. గదిలోకొచ్చి తలుపేసుకుని ఏడ్చేశా. కాసేపటికి బీబీ, అంటే నాయనమ్మ, తలుపు బయట నిలబడి "పోలే, పోలే" అంటోంది. ఏమనుకుందో ఏమో.

ఇంకొకటి కూడా ఉంది. నేను మాంసం తినను. మొదటి రాత్రి అరటికాయ, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన మ్తోరి పెట్టారు. "హపానా" అనేసి గిన్నె పక్కకి జరిపా. ఆ మాటకి "వద్దు" అని అర్థమని పుస్తకంలో చదువుకునే వచ్చా. బీబీ ముఖం అప్పట్నుంచీ అదోలా ఉంది. అక్కడ ఉండొచ్చినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, నేనేం చేయాలి?

రాగిజావ
నాకు మూడో రోజు వచ్చింది ఏడుపు, నీకు నాలుగో రోజు వచ్చింది. అందరికీ ఈ వారంలోనే వస్తుంది. దాని గురించి భయపడకు.

నీలిగొడుగు
"పోలే" అంటే ఏంటి? "ఇంకా పోలే?" అని అడిగిందేమో అని నేను కంగారుపడ్డా 🙂

డార్_అక్క
@నీలిగొడుగు అదేం కాదమ్మా. పోలే అంటే "అయ్యో పాపం" లాంటి మాట. నువ్వు కాలు జారితే పోలే, దగ్గితే పోలే, బరువు మోసుకొస్తుంటే పోలే. "పోలే నా సఫారీ" అంటే ప్రయాణం చేసి అలిసొచ్చావే అని. "పోలే నా కాజి" అంటే పని చేసి అలిసిపోయావే అని. తప్పు వాళ్ళది కాకపోయినా అంటారు. నీ కష్టం నేను చూశాను అని చెప్పడం అది. దానికి "అసంతే" అనాలి, చాలు.

@కొత్త_టీచరమ్మ నేను దార్ ఎస్ సలామ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నా. చెల్లీ, రెండు విషయాలు చెప్తా. ఒకటి, తలుపేసుకోకు. మనకి తలుపేసుకోవడమంటే కాస్త ఒంటరిగా ఉండటం. బీబీకి అది జ్వరమో, దిగులో, ఇంట్లోవాళ్ళ మీద కోపమో. అందుకే వచ్చి నిలబడింది. ఏడుపొస్తే ఆవిడ పక్కన కూర్చునే ఏడువు, ఏమీ అడగదు.

రెండు, నువ్వింకా "మ్గెని"వి. స్వాహిలీలో చుట్టానికీ, కొత్తమనిషికీ, పరదేశికీ అదే ఒక్క మాట. అందుకే కుర్చీ నీకు. కానీ అదే భాషలో ఒక సామెత ఉంది, ప్రతి ఇంట్లోనూ తెలుసు: "మ్గెని సికు మ్బిలి, సికు యా తతు మ్పే జెంబె." చుట్టం రెండు రోజులు, మూడో రోజు చేతికి పార ఇవ్వు అని. నీకిది నాలుగో రోజు. నువ్వు వెళ్ళి అడగొచ్చు. "నఓంబా జెంబె" అను. నాకు పార ఇప్పించండి అని.

పాత_ప్రయాణికుడు
డార్_అక్క గారు చెప్పిన సామెత న్యెరేరే కూడా ఎత్తుకున్నాడు, 1962లో ఉజామా గురించి, అంటే అందరూ ఒక కుటుంబంలా కలిసి బతికే సోషలిజం గురించి, రాసిన వ్యాసంలో. దేశానికి మొదటి అధ్యక్షుడు, అంతకుముందు బడి పంతులు. అందుకే ఇప్పటికీ ఆయన్ని "మ్వాలిము" అనే అంటారు, అంటే మాస్టారు. సోమవారం నుంచి పిల్లలు నిన్ను కూడా అదే మాటతో పిలుస్తారు, అది చిన్న గౌరవం కాదు.

సంచారి77
నేను ఒప్పుకోను. ఆ కుటుంబానికి సంస్థ నెలనెలా డబ్బు కడుతుంది కదా? గది, భోజనం, వేడినీళ్ళు ఆ ఒప్పందంలోనివే. నువ్వు వెళ్ళింది లెక్కలు చెప్పడానికి, కలుపు తీయడానికి కాదు. మొదటి వారంలోనే చేతులు పాడుచేసుకుని, నడుం పట్టేసి సోమవారం బడికి వెళ్ళలేకపోతే నష్టం పిల్లలకే. నేను వేరే దేశంలో ఇలాగే అతిగా కలిసిపోయి చివరికి ఆ ఇంటి గొడవల్లో ఇరుక్కున్నా. కొంచెం దూరం ఉండటం తప్పు కాదు.

రాగిజావ
@సంచారి77 డబ్బు కట్టినంత మాత్రాన పదకొండేళ్ళ పిల్ల తెచ్చిన నీళ్ళు మింగుడుపడతాయా అండీ?

సంచారి77
ఆ పిల్ల ఈమె రాకముందూ మోసింది, వెళ్ళాకా మోస్తుంది. అది ఆ ఇంటి పద్ధతి.

నర్సమ్మ
మోసేది ఎన్ని బకెట్లు అన్నది కదా ప్రశ్న. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. ఇంట్లో ఇంకో మనిషి పెరిగితే ఆ పిల్లకి రోజుకి ఇంకో నడక పెరుగుతుంది. ఆ పెరిగిన నడక నీది టీచరమ్మా, దాన్ని నువ్వు నడువు. నెత్తిన పెట్టుకోవద్దు. వాళ్ళు "కతా" అని గుడ్డతో చుట్టకుదురు చేసి పెట్టుకుంటారు, అది చిన్నప్పట్నుంచీ అలవాటైన మెడకే. నువ్వు చేత్తో పది లీటర్లు తెచ్చుకో, చాలు.

పనిలో పని, దోమతెర లోపలే పడుకో, ఎత్తు మీద ఊరు కదా అని వదిలేయకు. పట్నానికి దిగినప్పుడు కుట్టొచ్చు. మాత్రలు రాసిచ్చి ఉంటే మానకు. జ్వరం వస్తే జలుబులే అనుకోకుండా ఆ రోజే మలేరియా పరీక్ష చేయించు. తాగే నీళ్ళు కాచినవే తాగు.

కొత్త_టీచరమ్మ
మాత్రలు వేసుకుంటున్నా నర్సమ్మ గారూ. నీళ్ళ మాట నేనసలు అలా ఆలోచించలేదు. "ఆ పెరిగిన నడక నీది" అన్నది మనసులో పడిపోయింది.

@డార్_అక్క జెంబె అడగడానికి నోరు రావట్లేదు అక్కా. కత్తే లాక్కున్నారు, పార ఇస్తారా?

పాత_ప్రయాణికుడు
పారకంటే ముందు ఒక మెట్టుంది. భోజనానికి ముందు చేతులు కడిగిస్తారు చూడు, ఒకరు జగ్గుతో నీళ్ళు పోస్తుంటే కింద బేసిన్ పట్టుకుంటారు. నీ ఇంట్లో అది ఎవరు చేస్తున్నారు?

కొత్త_టీచరమ్మ
ఆ ఐదో క్లాసు అమ్మాయే. కొంచెం మోకాళ్ళు వంచి పోస్తుంది. నాకు ముందు, తర్వాత బాబాకి, అంటే వాళ్ళ నాన్నకి.

పాత_ప్రయాణికుడు
అదీ. ఆ పని ఇంట్లో చిన్నవాళ్ళది. అది చేస్తానంటే ఎవరూ కాదనరు, ఎందుకంటే అది శ్రమ కాదు, మర్యాద. కత్తి పట్టుకుంటే "మా వంట నచ్చలేదా" అనో "కోసుకుంటుందేమో" అనో అనుకోవచ్చు. జగ్గు పట్టుకుంటే అలాంటి అనుమానం రాదు. రేపు రాత్రి ఆ అమ్మాయి చేతిలోంచి జగ్గు నువ్వు తీసుకుని ముందు బీబీ చేతుల మీద నీళ్ళు పోయ్. మిగతా నీళ్ళు తర్వాత ఎవరికి పోసినా ఫర్వాలేదు.

ఇంకో మాట. షికమో చెప్తున్నావా?

కొత్త_టీచరమ్మ
చెప్తున్నా కానీ గుర్తొచ్చినప్పుడే. పొద్దున లేవగానే ముఖం కడుక్కోవడానికి వెళ్తూ "గుడ్ మార్నింగ్" అనేసి వెళ్ళిపోతున్నా.

పాత_ప్రయాణికుడు
బీబీ ముఖం అదోలా ఉండటానికి మ్తోరి కంటే ఇదే కారణం కావచ్చు. షికమో అనే మాటకి మూలార్థం "మీ పాదాలు పట్టుకుంటున్నా" అని. పెద్దవాళ్ళు దానికి "మరహబా" అంటారు. రోజులో మొదటిసారి కనపడినప్పుడు నిలబడి, ఆవిడ వైపు తిరిగి అనాలి. ఆ తర్వాత రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, ఆవు ఎలా ఉంది, అన్నీ అయ్యాకే అసలు విషయం. నేను టాంజానియా రాజధాని దొదోమాలో రెండేళ్ళు పనిచేశా. మొదటి నెల ఆఫీసులో ఎవరూ నాకు సరిగ్గా జవాబివ్వట్లేదని ఒకటే బాధ. పలకరింపు లేకుండా నేరుగా ఫైలు గురించి అడగడమే నా తప్పు అని ఒక పెద్దాయన పక్కకి పిలిచి చెప్పాడు. మర్నాటి నుంచి పని నడిచింది.

తెల్లకాగితం
మాంసం సంగతి ఎవరూ చెప్పట్లేదు. నేను చెప్తా. ఒక చెంచాడు తింటే ఏమవుతుంది? అతిథిగా వెళ్ళినచోట పెట్టింది కాదనడం నాకైతే నచ్చదు.

చింతచిగురు
@తెల్లకాగితం తినని మనిషికి ఒక చెంచా అయినా చిన్న విషయం కాదు. ఇవాళ ఒక చెంచా తింటే రేపు గిన్నె నిండా పెడతారు, ఇష్టపడిందని. అప్పుడు మానేస్తే ఇంకా పెద్ద బాధ. మొదటి రోజే స్పష్టంగా చెప్పడమే మంచిది.

తెల్లకాగితం
చెప్పొచ్చు, గిన్నె జరపడం మాత్రం తప్పే.

డార్_అక్క
ఇద్దరూ నిజమే చెప్పారు. తినకపోవడంలో తప్పులేదు, చెప్పిన పద్ధతిలో ఉంది. వట్టి "హపానా" చాలా మొండిగా వినపడుతుంది. "సిలి న్యామా" అను, అంటే మాంసం తినను అని. అది నీ అలవాటు గురించి చెప్పడం, వాళ్ళ వంట గురించి కాదు. తర్వాత వెంటనే ఏం తింటావో కూడా చెప్పు. అదే ముఖ్యం. లేకపోతే మామా రోజూ ఏం వండాలో తెలియక సతమతమైపోతుంది.

ఇక్కడ నువ్వు తినగలిగేవి బోలెడు. "మ్చిచా" అంటే మన తోటకూరే. "మ్బాజి" అంటే కందులు. "చొరోకో" పెసలు. "మహరగె" ఎర్ర చిక్కుడుగింజలు, ఉడికించి వండుతారు. పొద్దున "ఉజి" ఇస్తున్నారా? అది జావ. "ఉజి వా ఉలేజి" అని అడుగు, ఉలేజి అంటే రాగులు.

రాగిజావ
నా పేరు స్వాహిలీలో "ఉజి వా ఉలేజి" అన్నమాట. ఇవాళ్టి నుంచి అదే పెట్టుకుంటా.

చింతచిగురు
మ్బాజి కందులేనా అక్కా? ఆఫ్రికా కందిపప్పు అని అమ్మేది వాటిదేనా?

డార్_అక్క
అవే కందులు. ఇక్కడి రైతులు మన దేశానికి అమ్మడానికే చాలావరకు పండిస్తారు. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కందుల దిగుమతి మీద పరిమితి పెట్టినప్పుడు ఇక్కడ ధర పడిపోయి, రైతులు ఎంత బాధపడ్డారో నేను కళ్ళారా చూశా. మనం పప్పు తినేటప్పుడు గుర్తొచ్చే ఊళ్ళు కావు ఇవి. గుర్తురావాలి.

ఇంకోటి, కిలిమంజారో మీద చాగ్గావాళ్ళ ఇళ్ళల్లో అరటి, రాగులు కలిపి కాచి పులియబెట్టిన "మ్బెగె" ఇస్తారు, వేడుకలప్పుడు. అది మత్తు ఉన్నదే. తాగకపోతే రెండు చేతులతో అందుకుని, పక్కనున్న పెద్దవాళ్ళకి అందించు. చేతిలోకి తీసుకోకుండా మాత్రం ఉండకు.

వెళ్ళబోతున్నా
నేను సెప్టెంబరులో అరూషా వైపు వెళ్తున్నా, మూడు వారాలు, పిల్లల వసతిగృహంలో. టూరిస్టు వీసా మీద వెళ్ళిపోవచ్చని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఇంకా ఏం పట్టుకెళ్ళాలి?

పాత_ప్రయాణికుడు
తెలిసినవాళ్ళ మాట వినకండి. విజిటర్ వీసా మీద వాలంటీరు పని చేయకూడదు. జీతం లేకపోయినా అది పనే. వాలంటీర్లకి ఉండేది రెసిడెన్స్ పర్మిట్ క్లాస్ సి, దానికి మిమ్మల్ని పిలిచిన సంస్థే దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు "అక్కర్లేదు" అంటే ఆ సంస్థ గురించే మళ్ళీ ఆలోచించండి.

ప్లాస్టిక్ చేతిసంచులు తీసుకెళ్ళొద్దు, 2019 జూన్ 1 నుంచి నిషేధం. బట్టలు గుడ్డసంచుల్లో సర్దుకోండి. ప్లగ్గు మూడు పలకల పిన్నుది, బ్రిటిష్ రకం. నైరోబీ మీదుగా ఇండియాకి తిరిగొచ్చేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడగొచ్చు, టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. చివరి నిమిషానికి పెట్టుకోకండి.

వేపచెట్టు
మూడు వారాలు వసతిగృహంలో పిల్లలతో అంటే నాకు మనసొప్పట్లేదు, కోపంతో అనట్లేదు. అక్కడి పిల్లలకి ప్రతి నెలా ఒక కొత్త అక్క వచ్చి ముద్దుచేసి వెళ్ళిపోతుంటే ఏమవుతుందో ఆలోచించండి. టీచరమ్మలా ఆరు నెలలు, అక్కడి టీచరు పక్కన ఉండి పనిచేయడం వేరు. వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగండి: నేను చేసే పనికి అక్కడివాళ్ళు ఎవరూ లేరా?

వెళ్ళబోతున్నా
ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సంస్థకి ఇవాళే రాస్తా.

గణితం_మాస్టారు
టీచరమ్మా, బడి సంగతి. అక్కడ ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో చదువు స్వాహిలీలో, సెకండరీకి వెళ్ళాకే ఇంగ్లీషు. నీకు అంకెలన్నా గట్టిగా రావాలి. మోజా, మ్బిలి, తతు, న్నే, తానో, సిత, సబా, ననే, తిసా, కుమి. కూడిక జుంలిషా, తీసివేత తోఆ, గుణకారం జిడిషా, భాగహారం గవాన్యా. ఇవి ఆ ఐదో క్లాసు అమ్మాయి దగ్గరే నేర్చుకో. ఆమె హోంవర్కు ఎక్కడ చేస్తుంది?

కొత్త_టీచరమ్మ
వంటపాకలో, పొయ్యి వెలుగులో.

గణితం_మాస్టారు
అయితే నీ చోటు కూడా అక్కడే. "నాకు లెక్కలు స్వాహిలీలో నేర్పు" అని పుస్తకం పట్టుకుని ఆమె పక్కన పీటేసుకో. టీచరు వచ్చి విద్యార్థి పక్కన కూర్చుంటే ఆ ఇంట్లో ఎవరు లేపుతారు? ముందుగది కుర్చీ సమస్య అలాగే తీరిపోతుంది.

జులై 7 సెలవు పేరు "సబా సబా", ఏడు ఏడు. ఆగస్టు 8 రైతుల పండగ "ననే ననే". పిల్లలకి ఎక్కాలు ఎక్కడ మొదలుపెట్టాలో క్యాలెండరే చెప్తోంది!

నీలిగొడుగు
అంకెలంటే గుర్తొచ్చింది, వాళ్ళ గడియారం వేరంట కదా?

పాత_ప్రయాణికుడు
వేరు కాదు, మొదలు వేరు. వాళ్ళ పగటి గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. పొద్దున ఏడైతే "సా మోజా", ఒంటిగంట. ఎనిమిదైతే రెండు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాదంతా సూర్యుడు దాదాపు ఒకే వేళకి వస్తాడు, లెక్క తప్పదు. మన పంచాంగం సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టినట్టే అనుకో. దొదోమాలో నాకు బస్సు "సా కుమి నా మ్బిలి" అని చెప్పారు, పన్నెండని. పన్నెండింటికి వెళ్తే ఖాళీ స్టాండు. బస్సు పొద్దున ఆరింటికే వెళ్ళిపోయింది. ఒక కిటుకు ఉంది: గడియారంలో చిన్నముల్లుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదువు, అదే స్వాహిలీ టైము. టీచరమ్మా, సోమవారం బడికి ఎన్నింటికి రమ్మన్నారో ఒకసారి సరిచూసుకో.

కొత్త_టీచరమ్మ
అయ్యో. "సా మ్బిలి" అన్నారు. నేను మధ్యాహ్నం రెండింటికి అనుకుని కూర్చున్నా! అంటే పొద్దున ఎనిమిది. మీరు చెప్పకపోతే మొదటి రోజే బడికి వెళ్ళకుండా ఉండేదాన్ని. పెద్ద మేలు చేశారు.

డార్_అక్క
పెళ్ళయిందా అని అడిగారా ఇంకా?

కొత్త_టీచరమ్మ
అడగకుండా ఉంటారా అక్కా, మొదటి గంటలోనే. "హపానా" అన్నా. అందరూ జాలిగా చూశారు.

డార్_అక్క
"బాడో" అనాలి తల్లీ. ఇంకా కాలేదు అని. పిల్లలున్నారా అంటే కూడా బాడో. ఒక్క మాటతో జాలి పోయి దీవెన వస్తుంది.

నీలిగొడుగు
మన పిన్నిగారి పెళ్ళి ప్రశ్నలకి కూడా ఇదే జవాబు బాగుంది. బాడో!

కొత్త_టీచరమ్మ
ఆరో రోజు. నిన్న రాత్రి చెప్తా వినండి.

నిన్న పొద్దునే బీబీ ఎదురుగా నిలబడి షికమో అన్నా. "మరహబా, మరహబా" అని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవు గురించి అడిగా, పదాలు తప్పే ఉంటాయి, ఆవిడ మాత్రం నన్ను తీసుకెళ్ళి ఆవుని చూపించింది. కొట్టంలోనే కట్టేసి మేత అక్కడికే తెచ్చి వేస్తారు, మేతకి బయటికి వదలరు.

రాత్రి పుస్తకం పట్టుకుని వంటపాకలోకి వెళ్ళా. అమ్మాయి పీట జరిపింది. మామా ఏదో అనబోయింది, అమ్మాయే గబగబా ఏదో చెప్పింది, "మ్వాలిము" అన్న మాట ఒక్కటే అర్థమైంది. కూర్చున్నా. పొగకి కళ్ళు మండాయి. చిన్నవాణ్ణి "రా బాబూ" అని పిలిచా, అంతే, ఇల్లంతా ఘొల్లున నవ్వింది. బాబు అంటే ఇక్కడ తాతయ్య అట! వాడు మూడేళ్ళవాడు. ఇప్పుడందరూ వాణ్ణి బాబు అనే పిలుస్తున్నారు.

తర్వాత జగ్గు తీసుకున్నా. అమ్మాయి బేసిన్ పట్టుకుంది. బీబీ వేళ్ళు చాలా పొడుగు, గోళ్ళ చుట్టూ మట్టి నల్లగా ఇంకిపోయి ఉంది, ఎంత పోసినా పోని మట్టి. నెమ్మదిగా తిప్పితిప్పి కడుక్కుంది. ఒక్క మాట కూడా అనలేదు. నా పళ్ళెం ముందుగదికి వెళ్ళలేదు. ఉగాలి, మ్చిచా. సంకటి ముద్దలాగే చేత్తో తీసి, మధ్యలో బొటనవేలితో గుంటచేసి కూర అద్దుకుని తిన్నాం.

రాగిజావ
ఈ పోస్టు అమ్మకి చదివి వినిపించా. ఆవిడ ఏం మాట్లాడలేదు, కళ్ళు తుడుచుకుంది.

సంచారి77
నేను పైన రాసింది కొంత వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్కటి మాత్రం ఇప్పటికీ అంటా: డబ్బు అప్పులు, ఇంటి తగాదాలు, ఈ రెండింట్లోకి మాత్రం వెళ్ళకు. ఎవరన్నా డబ్బు అడిగితే సంస్థవాళ్ళతో మాట్లాడి చెప్తా అను.

డార్_అక్క
అది మంచి మాట. చేతికి డబ్బు ఇవ్వకు. పట్నం దిగినప్పుడు చక్కెర, టీపొడి, సబ్బులు తెచ్చి మామాకి ఇవ్వు, ఇక్కడ చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళూ అవే పట్టుకెళ్తారు. బీబీకి ఒక కంగా కొను. రంగురంగుల నూలు గుడ్డ, జత కలిపి అమ్ముతారు, అంచు మీద ఒక సామెతో మాటో అచ్చువేసి ఉంటుంది. అది చదివించుకోకుండా మాత్రం కొనకు. కొన్ని దెప్పిపొడుపు మాటలు కూడా ఉంటాయి, పక్కింటావిణ్ణి ఉద్దేశించి కట్టుకునేవి. కొట్లో అమ్మేవాళ్ళనే అడుగు, చెప్తారు.

కొత్త_టీచరమ్మ
ఒకటి అడగాలి. దారిలో పిల్లలు "మ్హిండి, మ్హిండి" అని వెంటపడుతున్నారు. తిట్టా అది?

పాత_ప్రయాణికుడు
తిట్టు కాదు. భారతీయురాలు అని. కానీ ఆ మాట వెనక చరిత్ర ఉంది. తరతరాలుగా ఇక్కడ మనవాళ్ళంటే పట్నంలో కొట్టు పెట్టుకున్నవాళ్ళు. "దుకా" అంటే అంగడి, మన దుకాణమే. 1971లో ప్రభుత్వం భవనాల్ని జాతీయం చేశాక చాలామంది దేశం వదిలిపోయారు, ఉన్నవాళ్ళు ఎక్కువగా పట్నాల్లోనే. కొండమీది ఊళ్ళో నీళ్ళ బకెట్ పట్టుకుని నడిచే మ్హిండిని ఆ పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. ఆగి, "నైత్వా" అని నీ పేరు చెప్పు. వాళ్ళ పేర్లడుగు. వారంలో పేరుపెట్టి పిలుస్తారు.

కొత్త_టీచరమ్మ
పదమూడో రోజు. బడి మొదలైంది, ఒక క్లాసులో డెబ్బై మంది ఉన్నారు, దాని గురించి వేరేగా రాస్తా. ఇవాళ ఆదివారం.

పొద్దున బీబీ దగ్గరికెళ్ళి సామెత మొత్తం అప్పజెప్పా, అక్క రాసిచ్చింది ఉన్నదున్నట్టు. చివర "నఓంబా జెంబె" అన్నా. ఆవిడ నవ్వి నవ్వి పీట మీద వెనక్కి వాలింది. మామాని పిలిచి మళ్ళీ చెప్పించింది. తర్వాత లేచి వెళ్ళి గోడకి ఆనించిన పార తెచ్చిచ్చింది. పిడి నున్నగా అరిగిపోయి ఉంది.

అరటిచెట్ల కింద, కాఫీ మొక్కల మధ్య చిక్కుడు వేశారు. అక్కడ కలుపు. పావుగంటకే రెండు చిక్కుడు మొక్కలు కూడా తవ్విపారేశా. బీబీ అరిచింది. గట్టిగా, నిజంగా తిట్టింది, ఆ అమ్మాయిని తిట్టే గొంతుతోనే. పార లాక్కుని ఎలా పట్టుకోవాలో చూపించి మళ్ళీ నాకే ఇచ్చింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత ఆవు మేతకి నరికిన అరటిబోదె ముక్కలు భుజాన వేసుకుని మోశాం. నాలుగు విడతలు. అరచేతిలో బొబ్బలు చూసి "పోలే నా కాజి" అంది.

దారిలో ఎవరో పెద్దావిడ నన్ను చూపించి ఏదో అడిగింది. బీబీ "మ్జుకూ" అంది. ఆ మాట నాకు తెలీదు.

డార్_అక్క
మనవరాలు.

కొత్త_టీచరమ్మ
అక్కా.

నర్సమ్మ
బొబ్బలు చిదపకు. కాచిన నీళ్ళతో కడిగి గుడ్డ చుట్టు. వచ్చే ఆదివారం వరకూ పార ముట్టుకోకు, సుద్దముక్క పట్టుకోవాలి నువ్వు. నీళ్ళ బకెట్ సంగతేంటి?

కొత్త_టీచరమ్మ
పొద్దున ఇద్దరం కలిసి దిగుతున్నాం. తనది నెత్తిన, నాది చేతిలో, పది లీటర్లు, మధ్యలో మూడుసార్లు దించుతా. దించిన ప్రతిసారీ తను ఆగి ఒక ఎక్కం అడుగుతుంది. స్వాహిలీలో చెప్తేనే మళ్ళీ కదులుతుంది. ఇవాళ ఏడో ఎక్కం.

ఒక సాయం కావాలి. బోదెలు మోసినప్పుడు తెల్ల చున్నీ మీద, జాకెట్ భుజం మీద అరటి జిగురు కారింది. సబ్బుతో రెండుసార్లు ఉతికా, ఇంకా నల్లబడింది. ఎలా పోతుంది?

చింతచిగురు
అరటి మరకా? అది పోదు తల్లీ.

డార్_అక్క
పోదు. ఆ జాకెట్ పొలానికి ఉంచుకో. చున్నీ చింపి కతా చుట్టుకో, ఆ అమ్మాయికీ ఒకటి చుట్టివ్వు.